మావయ్య వేలిముద్ర

మా నాన్నగారు నన్ను ఒక పని అడగడం నాకు బుద్ధి తెలిశాక అదే మొదటిసారి. అందుకే కాదనలేకపోయాను. అప్పుడే 'నా వల్ల కాదు నాన్నగారూ' అని ఉంటే ఎంత బాగుండేదో! ఇప్పుడు తల పట్టుకుని ఏం లాభం.

ఎలక్షన్ల వేసవి అది. ఏప్రిల్ మొదటి వారం. వారానికి మూడు రోజులు ఆయన్ని పాలకొల్లు నుంచి భీమవరం డయాలసిస్‌కి తీసుకెళ్ళేదాన్ని. ఆ నాలుగు గంటలూ ఆయన కళ్ళు మూసుకుని కీర్తనలు గొణుక్కునేవారు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని ఏడో తరగతి పేపర్లు దిద్దుకునేదాన్ని. ఆ రోజు కీర్తన మధ్యలో ఆపేశారు.

"ప్రసన్నా, మా అమ్మడు ఉందో పోయిందో ఒక్కసారి కనుక్కుని పెట్టమ్మా. ఉంటే చూడాలని ఉంది."

అమ్మడంటే నాన్నగారి చెల్లెలు. యాభై మూడులో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు నాన్నగారికి ఆరేళ్ళు, అమ్మడికి మూడు. ఏటి మధ్య లంకలో వాళ్ళ ఇల్లు, అమ్మానాన్నా ఒక్క రాత్రిలో కొట్టుకుపోయారు. పిల్లలిద్దరినీ మేనమామ గంగయ్య పడవలో వేసుకుని గట్టుకి చేర్చాడు. మిషన్ వాళ్ళ అనాథల హోములో దింపి, "ఇక్కడే ఉండండి, అమ్మని తీసుకొస్తా" అని మళ్ళీ పడవెక్కాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే. కొన్నాళ్ళకి ఒకరోజు నాన్నగారు బడి నుంచి వచ్చేసరికి హోములో అమ్మడు లేదు. ఎవరో పెంచుకోవడానికి తీసుకెళ్ళారన్నారు. ఎవరో ఏమిటో ఆరేళ్ళ పిల్లాడికి ఎవరు చెబుతారు?

ఈ కథలో అమ్మడి ముక్క మా ఇంట్లోవాళ్ళకే తెలుసు. మేనమామ ముక్క మాత్రం మా చర్చిలో అందరికీ కంఠతా వచ్చు. నలభై ఏళ్ళు సండే స్కూల్ మాస్టారుగా చేశారాయన. గొర్రెల కోసం ప్రాణం పెట్టే మంచి కాపరి పాఠం వచ్చినప్పుడల్లా బైబిలు మూసేసి, "మా గంగయ్య మావయ్య కథ చెబుతాను వినండర్రా" అని మొదలుపెట్టేవారు. మా కోసం వరదలోకి వెనక్కి వెళ్ళి ప్రాణం పెట్టాడర్రా, దేవుడి ప్రేమంటే ఏంటో నాకు పుస్తకం చదివి తెలియలేదర్రా, మా మావయ్యని చూసి తెలిసింది అనేవారు. ఆ మాట దగ్గర ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేవారు. చిన్నప్పుడు నాకు సిగ్గేసేది. అందరి ముందూ మా నాన్నే ఏడవాలా అనిపించేది.

డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి గుండె కూడా బలహీనంగా ఉందని, ఈ వానాకాలం గట్టెక్కితే గొప్పే అని అంతకు వారం ముందే చెప్పారు. ఆ సంగతి నాన్నగారికి నేను చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. అమ్మడిని అడిగారు, అంతే.

* * *

హోములో పెరిగిన పిల్లలకి కోర్టు ద్వారా గార్డియన్లని పెట్టేవారని, ఆ కాగితాల్లో ఎవరిని ఎవరికి అప్పగించారో ఉంటుందని మా స్కూల్లో ఒకాయన చెప్పాడు. ఇంకేం, సెలవు పెట్టి ఏలూరు కోర్టుకి బయల్దేరాను. అక్కడ రికార్డు రూములో యుగంధర్ గారని ఒకాయన. అరచేతులకి ఎప్పుడూ దుమ్మే. మాట మాత్రం మెత్తన.

"పేరు చెప్పండి మేడమ్."

"లాజరు అండి. యాభై మూడు, యాభై నాలుగు ప్రాంతంలో."

"లాజరు ఎవరండి, గార్డియనా?"

"కాదండి, పిల్లాడు. మా నాన్నగారు."

ఆయన పెన్ను పక్కన పెట్టేశాడు. "ఇవి పిల్లల పేర్ల మీద ఉండవండి. పిటిషన్ ఎవరు వేస్తే వాళ్ళ పేరు మీద ఉంటాయి. గార్డియన్ పేరు చెప్పండి, లేదా నంబరు చెప్పండి. రెండూ లేకపోతే నేను ఆ గదిలో దూరి ఏం వెతకనండి? చాలా కట్టలు ఎప్పుడో తీసేశారు కూడానూ."

గార్డియన్ ఎవరో తెలుసుకోవడానికే కదయ్యా నేనొచ్చింది! ఆ మాటే కాస్త గట్టిగా అన్నాను. పాపం ఆయన ఏమీ అనుకోలేదు. కుర్చీ తుడిచి కూర్చోమన్నాడు. నంబరు దొరుకుతుందేమో హోము పుస్తకాల్లో చూడమన్నాడు.

ఆ హోము మూతపడి ముప్పై ఏళ్ళు. దాని పుస్తకాలు మా పారిష్ ఆఫీసులో ఒక ఇనప బీరువాలో పడి ఉన్నాయి. తాళంచెవి ఆఫీసు క్లర్కు ఫిన్నీ దగ్గర. ఫిన్నీ నా దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు వాడికే ఇద్దరు పిల్లలు. ఎలక్షన్ డ్యూటీ ముగించుకుని, ఒళ్ళు హూనమై, మే నెల మండుటెండలో వాడి ముందు కూర్చున్నాను. బీరువా తలుపు తీయగానే చెదపురుగులు బిలబిలమని బయటికొచ్చాయి.

నాలుగు రోజులు తిప్పాం ఆ పుస్తకాలు. సగం కాగితాలు వేలు పెడితే పొడైపోతున్నాయి. నాలుగో రోజు ఫిన్నీ "టీచరుగారూ!" అని కేకేశాడు.

యాభై మూడు ఆగస్టు పేజీ. 'వీరబాబు, వయస్సు 6, వరద బాధితుడు, బాప్తీస్మపు పేరు లాజరు.' దాని ఎదురుగా ఎర్ర సిరాతో 'గార్డియన్ ఓ.పి. 41/1954'. మా నాన్నగారు ఒకప్పుడు వీరబాబు అని నాకు అప్పుడే తెలిసింది. బైబిల్లో లాజరులా చచ్చి బతికొచ్చాడని ఆ పేరు పెట్టి ఉంటారు.

"అమ్మడు పేరు చూడరా ఫిన్నీ."

"అమ్మడు ఎక్కడా లేదండి. కిందే ఒక పాప ఉంది. పెద్దింట్లమ్మ, మూడేళ్ళు, గార్డియన్‌కి అప్పగింపు అని. దీనికీ నలభై ఒకటే నంబరు వేశారు."

"అది వేరే పిల్ల అయ్యుంటుంది. నంబరు పొరపాటున వేసుంటారు."

అయినా అనుమానం పోక సాయంత్రం నాన్నగారిని అడిగాను. "పెద్దింట్లమ్మ ఎవరో గుర్తుందా?"

"మా నాన్నమ్మ కదూ! వరదకి ముందే పోయింది. నీకెవరు చెప్పారమ్మా?"

పోయిన ముసలావిడ పేరు పిల్లల పుస్తకంలోకి ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఆ రోజుల్లో గుమాస్తాలు ఏది పడితే అది రాసుకునేవారని తిట్టుకుని ఊరుకున్నాను. నాన్నగారి ముందు మాత్రం నంబరు దొరికిందని గొప్పగా చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ రాత్రి అన్నం రెండోసారి వడ్డించుకున్నారు. ఎన్ని నెలలైందో ఆయన అలా తిని.

తీరా చూస్తే కోర్టుకి వేసవి సెలవులు. నాకు సెలవులున్నప్పుడే వాళ్ళకీ ఉండాలా! జూన్ దాకా చేతులు ముడుచుకుని కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. ఈలోగా నాన్నగారి కాళ్ళకి వాపు పెరిగింది. వారం వారం బరువు చూసే మిషను దగ్గర నర్సు ముఖం చిట్లించేది. ఆయన మాత్రం "కోర్టు ఎప్పుడు తెరుస్తారమ్మా?" అనే అడిగేవారు.

* * *

జూన్ మొదటి వారంలో యుగంధర్ గారు నన్ను చూసి నవ్వారు. నంబరు ఇవ్వగానే లోపలికెళ్ళి గంటన్నర తర్వాత బయటికొచ్చారు. చేతిలో ఎర్రటి నాడా కట్టిన సన్నటి కట్ట.

"అదృష్టవంతులండి మీరు. దీని పైనా కిందా ఉన్నవన్నీ పోయాయి. ఇదెలా మిగిలిందో!"

నేనూ అలాగే అనుకున్నాను, అదృష్టమని. కాపీకి దరఖాస్తు పెట్టి, ముందు ఒకసారి చదువుకోనివ్వండని బతిమాలాను. ఆయన ఎదురుగా కూర్చోబెట్టి తెరిచారు.

పిటిషనరు కొల్లాటి గంగయ్య.

గంగయ్య! పిటిషన్ తేదీ యాభై నాలుగు ఫిబ్రవరి. వరద వచ్చి ఆరు నెలలైంది అప్పటికి. నీళ్ళలో మునిగిపోయినవాడు కోర్టుకెలా వచ్చాడు?

పాతకాలపు దస్తూరీ, కూడబలుక్కుని చదివాను. 'పై మైనరులిద్దరును నా తోబుట్టువు బిడ్డలు. ఆడ మైనరు పెద్దింట్లమ్మను యుక్తవయస్సు వచ్చిన పిమ్మట నా కుమారునకు చేసుకొనుటకు నిశ్చయించుకొని యున్నాను గాన సదరు మైనరును నాకు అప్పగింపవలెను. మగ మైనరు వీరబాబును పోషించు శక్తి నాకు లేదు. వానిని హోములోనే యుంచుటకు నాకు అభ్యంతరము లేదు.' కింద ఒక వేలిముద్ర. డెబ్భై ఏళ్ళైనా సిరా వెలిసిపోలేదు.

యుగంధర్ గారు మంచినీళ్ళ సీసా నా ముందుకి జరిపారు.

"పెద్దింట్లమ్మ మా నాన్నమ్మగారి అత్తగారి పేరండి," అన్నాను పిచ్చిదానిలా. "మా నాన్నగారి చెల్లెలు అమ్మడండి."

"అదేనండి మరి! అత్తగారి పేరు పిల్లకి పెడితే కోడలు నోటితో ఆ పేరు పలుకుతుందా? మా అమ్మాయికి మా అమ్మ పేరే పెట్టాం. మా ఆవిడ ఈ రోజుకీ 'పాపా' అనే పిలుస్తుంది. కాలేజీకెళ్ళే పిల్ల, సిగ్గుతో చస్తుంది పాపం. మీ నాన్నగారికి వాళ్ళమ్మ పిలిచిన పేరే తెలిసుంటుంది."

అంటే నెల రోజులుగా అమ్మడు నా కళ్ళ ముందే ఉంది. పెద్దింట్లమ్మ దొరికింది. మేనరికం చేసుకుంటానని ఊరు పేరుతో సహా రాశాడు కాబట్టి ఆవిడ కొల్లాటి వారి కోడలే అయ్యుంటుంది. నరసాపురం దాటాక సముద్రం వైపు వెళ్ళి అడిగితే ఎవరైనా చెబుతారు. నాన్నగారు అడిగింది నా చేతిలో ఉంది. కానీ అది ఇవ్వాలంటే ఆయన దగ్గరున్న మావయ్యని లాక్కోవాలి. నిన్ను పోషించలేను, ఉంచేసుకోండి అని వేలిముద్ర వేశాడు నాన్నగారూ మీ మావయ్య అని చెప్పాలి. వరదలో పోలేదు, తర్వాత కూడా బతికే ఉన్నాడని చెప్పాలి. డెబ్భై ఏడేళ్ళ మనిషికి, పెదవుల మీద కీర్తనతో సూదులు పొడిపించుకునే మనిషికి, ఆ మాట చెప్పడానికి నా నోరెలా వస్తుంది?

రాలేదు. ఇంటికెళ్ళి "ఇంకా కాపీ ఇవ్వలేదు నాన్నగారూ" అన్నాను. కాపీ వచ్చాక కూడా అదే చెప్పాను. హ్యాండ్ బ్యాగులో దాచుకుని తిరిగాను.

* * *

వెళ్ళకుండా ఉండలేకపోయాను. ముందు ఆవిడని చూస్తే ఏదో దారి దొరకకపోతుందా అనుకున్నాను. సముద్రంలో వేట నిషేధం ఇంకా రెండు రోజులే ఉంది. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, ఇంటింటి ముందూ వలలు బాగుచేసుకుంటున్నారు. కొల్లాటి పెద్దింట్లమ్మ అంటే ఒకాయన తలెత్తకుండానే చెయ్యి చూపించాడు.

డాబా ఇల్లు. వాకిట్లో పట్టా పరిచి నెత్తళ్ళ చేపలు ఎండబెట్టారు. కర్రతో కాకుల్ని తోలుతూ గడప మీద కూర్చున్నావిడని చూసి నేను నిలబడిపోయాను. మా నాన్నగారి నుదురే, ఆ కనుబొమలే. చీర కట్టుకుని, బొట్టు లేకుండా మా నాన్నగారే కూర్చున్నట్టుంది.

కోడలు లక్ష్మీదుర్గ మంచినీళ్ళిచ్చి, టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. నేను ఎలాగో మొదలుపెట్టాను. వరద, లంక, హోము. ఆవిడ కళ్ళు చిట్లించి వింది.

"మా అన్న సంగతి నీకెలా తెలుసమ్మా? ఆడు వరదలోనే పోయాడు. మా మావయ్య ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకున్నాడు. నేను మిగిలాను, ఆడు చెయ్యి జారిపోయాడు. కళ్ళారా చూశాడు మావయ్య."

హాల్లో గోడ మీద పెద్ద ఫొటో, దండ వేసి ఉంది. తెల్ల మీసాల ముసలాయన. ఆవిడకి మేనమామా ఆయనే, మామగారూ ఆయనే.

"మా రెండో వాడి పెళ్ళి దాకా ఉన్నాడు," అంది ఆవిడ ఫొటో వైపు చూస్తూ. "నన్ను కోడలిలా చూశాడా! కడుపులో పెట్టుకున్నాడు. మా ఆయన ఒకసారి చెయ్యెత్తితే అడ్డం పడి కొట్టాడు కొడుకుని. ఏటా వరదొచ్చిన రోజున అన్నం ముట్టేవాడు కాదమ్మా. పిల్లాడు పోయాడు, పిల్లాడు పోయాడు అని రోజంతా ఒకటే గొణుగుడు. ఆయన పోయాక నేను ఉంటున్నాను ఆ ఉపవాసం."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. బతికున్న పిల్లాడికి ఉపవాసమా! ముప్పై కిలోమీటర్ల దూరంలో వాడు బిక్కుబిక్కుమంటూ గేటు వైపు చూస్తుంటే ఇక్కడ అన్నం మానేసి ఏడ్చాడా ఈ పెద్దమనిషి! ఆగలేకపోయాను. కాపీ బయటికి తీసి గడగడా చదివేశాను, ఆ వీరబాబే మా నాన్నగారన్నాను. నా గొంతు నాకే కర్కశంగా వినిపించింది.

చదవడం అయ్యేసరికి ఆవిడ చేతిలో కర్ర ఆగిపోయింది. కాకి ఒకటి వచ్చి చేప ఎత్తుకుపోయింది.

"మా మావయ్యకి చదువు రాదు," అంది చివరికి. "ఆ ప్లీడరు ఏం రాశాడో! రాసింది చదివి చెప్పారో లేదో! వేలు పట్టుకుని ముద్ర వేయించుకుంటే ఆయనేం చేస్తాడు?"

"మరి మీ అన్నయ్య చెయ్యి జారిపోయాడని మీకెందుకు చెప్పారండీ?"

"జారిపోయాడు కాబట్టే చెప్పాడు." ఆవిడ గొంతు పెరిగింది. "కార్తీక మాసంలో గోదాట్లో మా అన్నకి దీపం వదులుతున్నాను, అరవై ఏళ్ళ నుంచి. బతికున్నోడికి వదులుతానా దీపం? మీ నాన్న వేరెవరో అమ్మా. వరదలో ఎంతమంది పిల్లలు తప్పిపోలేదు?"

"మీ ముఖమే అండి ఆయనది."

"ఆ కాగితం లోపల పెట్టెయ్. మా మావయ్య ఫొటో ముందు ఆ కాగితం చదవకు."

లక్ష్మీదుర్గ గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడిపోయింది. నేను లేచాను. ప్లీడరు గుమాస్తా ఏం రాశాడో, ఆ వేలు ఏం తెలిసి అక్కడ నొక్కుకుందో నాకు మాత్రం తెలుసా? డెబ్భై ఏళ్ళనాటి కాగితం అది. నలుగురు మనుషుల బతుకుల్ని నాలుగు లైన్లలో తేల్చేసింది. లక్ష్మీదుర్గ నా వెనకే ఆటో దాకా వచ్చింది. ఊరికే ఉండలేక నాన్నగారి డయాలసిస్ సంగతి చెప్పి, నా ఫోన్ నంబరు, ఇంటి గుర్తులు రాసి ఇచ్చాను.

"అత్తయ్యకి మావగారంటే దేవుడండి," అంది ఆ పిల్ల మెల్లగా. "ఏమీ అనుకోకండే."

ఆ సాయంత్రం నాన్నగారు వీధరుగు మీదే కూర్చుని ఉన్నారు. నా చెప్పుల చప్పుడు విని, "ఏమైందమ్మా?" అన్నారు.

"దొరకలేదు నాన్నగారూ. ఆ కాగితాలు ఎప్పుడో తీసేశారంట."

"పోనీలే. ఎండలో తిరిగి సగమైపోయావు. ఇంక మానెయ్," అన్నారు. ఆయన నన్ను ఓదార్చారు. అదీ నా బతుకు.

* * *

జూలై మూడో వారం. ముసురు పట్టి మూడు రోజులు. ఆదివారం మధ్యాహ్నం నాన్నగారు చర్చికి వెళ్ళలేక మంచం మీదే ఉన్నారు. వీధిలో ఆటో ఆగింది. లక్ష్మీదుర్గ గొడుగు విప్పింది. ఆ గొడుగు కింద పెద్దింట్లమ్మగారు.

లక్ష్మీదుర్గే అంది, "అత్తయ్యకి భీమవరంలో కంటి పరీక్ష ఉందండి, రేపు పొద్దున్నే. రాత్రికి మా పిన్నిగారింట్లో ఉంటాం. దారే కదా, మీ నాన్నగారికి బాగాలేదన్నారుగా, ఒకసారి పలకరించి పోదామందండి."

"రండి రండి," అన్నాను.

ఆవిడ లోపలికొచ్చి మంచం ఎదురుగా కుర్చీలో కూర్చుంది. నాన్నగారు లేవబోతే "ఒద్దండి, ఒద్దండి, పడుకోండి" అంది. నాన్నగారు దిండు ఒరిగించుకుని ఆవిడ ముఖంలోకి చూశారు. చాలాసేపు చూశారు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"ఈవిడ నరసాపురం దగ్గర నుంచి వచ్చారు నాన్నగారూ," అన్నాను. ఇంకో మాట చేర్చే ధైర్యం నాకు లేకపోయింది.

"ఆయ్, సముద్రం పక్కనండి మాది," అంది ఆవిడ. "నెత్తళ్ళు తెచ్చానండి. ఇసక లేకుండా బాగుచేసినవి."

ఆయనకి ఉప్పు విషం. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. నాన్నగారు రెండు చేతులూ చాపి ఆ పొట్లం అందుకుని గుండెల మీద పెట్టుకున్నారు.

"మీది లంకేనా అండి?" అని అడిగారు.

"పుట్టింది లంకలోనండి. వరదకి అందరూ పోయారు. మా మావయ్య పెంచాడు నన్ను."

"చిన్నప్పుడు మిమ్మల్ని ఇంట్లో ఏమని పిలిచేవారండి?"

ఆవిడ చీర కొంగు సర్దుకుంది. కిటికీలోంచి వాన చూసింది. "అమ్మడు అనేవారంటండి," అంది.

నేను నాన్నగారి ముఖం చూడలేకపోయాను. ఆయన పొట్లం మీద వేళ్ళు చూశాను. ఆ వేళ్ళు పొట్లాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాయి.

"మా చెల్లినీ అలాగే పిలిచేవాళ్ళమండి."

"ప్రతి ఇంట్లోనూ ఉంటారు కదండీ అమ్మళ్ళు."

"మరేనండి," అన్నారు నాన్నగారు. "మీకు అన్నదమ్ములు?"

"ఒక్కడేనండి, మా అన్న. వరదలో చెయ్యి జారిపోయాడు. మా మావయ్య కళ్ళారా చూశాడండి." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నాన్నగారి కళ్ళల్లోకే చూసింది. బతిమాలినట్టుగా చూసింది. నా బ్యాగు ఆ పక్కనే మేకుకి వేలాడుతోంది, దాని లోపల ఆ కాగితం. తీసి మంచం మీద పరిచి, ఇదిగో మీరిద్దరూ ఒక తల్లి బిడ్డలు, ఇంక చాలించండి అని అరవాలని ఉంది. తలుపు పట్టుకునే నిలబడ్డాను.

"మీ మావయ్య బాగా చూసుకున్నాడా అండి మిమ్మల్ని?" అడిగారు నాన్నగారు.

"దేవుడండి ఆయన. ఏ లోటూ రానివ్వలేదు."

"అదే కావాలండి." నాన్నగారు కళ్ళు మూసుకున్నారు. కనురెప్పల కింద నుంచి నీళ్ళు చెవుల వైపు జారాయి. "మా మావయ్యా అంతేనండి. నా కోసం వెనక్కి వస్తూ వరదలో పోయాడు. చాలా మంచివాడండి."

"మంచివాళ్ళే ముందు పోతారు," అంది ఆవిడ. కొంగుతో ముఖం తుడుచుకుంది. లక్ష్మీదుర్గ మొహం గోడవైపు తిప్పుకుంది.

తర్వాత వాళ్ళిద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు. ఈ ఏడు గోదారి ఎంత వస్తుందో, గట్టు ఎక్కడ బలహీనంగా ఉందో, కంటి ఆపరేషన్ చేయించుకుంటే ఎన్నాళ్ళు తలంటుకోకూడదో. అండీ అంటే అండీ అనుకుంటూ గంటసేపు కూర్చున్నారు. నేను టీ ఇచ్చాను. ఎవరూ పూర్తిగా తాగలేదు.

ఆవిడ లేచినప్పుడు నాన్నగారు నన్ను పిలిచారు. "ప్రసన్నా, ఆడపిల్ల ఇంటికొచ్చి వట్టి చేతులతో వెళ్ళకూడదమ్మా. మీ అమ్మ పెట్టెలో కొత్త చీర ఉంది చూడు. పెట్టు."

పసుపురంగు నేత చీర, మా అమ్మ కట్టకుండానే పోయింది. తెచ్చి నాన్నగారి చేత్తో ఇప్పించాను. ఆవిడ వంగి రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకుంది. "నాకు పుట్టింటి చీరన్నది తెలియదండి," అంది. నాన్నగారు చెయ్యెత్తి ఆవిడ తల మీద పెట్టారు. ఒక్క క్షణమే. ఆవిడ నిటారుగా నిలబడి, "వస్తానండి" అని బయటికి నడిచింది.

గొడుగు పట్టుకుని ఆటో దాకా వెళ్ళాను. వాన కాస్త తగ్గింది. నాకు ఏడుపు ఆగడం లేదు, సిగ్గు కూడా లేదు. ఆవిడ ఆటోలో కూర్చుని, చీర ఒళ్ళో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుంది.

"ఆ సూదుల దగ్గరికి మళ్ళీ ఎప్పుడు తీసుకెళ్తావు మీ నాన్నని?"

"రేపేనండి. పొద్దున్నే."

"ఏదైనా తినిపించి తీసుకెళ్ళమ్మా," అంది. "ఆకలికి ఆగలేడు మా అన్న. చిన్నప్పట్నుంచీ అంతేనంట, మావయ్య చెప్పేవాడు."

ఆటో కదిలింది.